విశ్రాంత వీరుల చివరి గస్తీ

వీరుడు ఎలా పుట్టాడో ప్రతి కథా చెబుతుంది. అతడు ఎప్పుడు ఆయుధం దించాడో, దించిన తరువాత ఏమైపోయాడో చెప్పే కథలు అరుదు. పిల్లల కోసం తీసే బొమ్మల చిత్రాలలో అవి మరీ అరుదు. అమెరికాలో కార్టూన్ నెట్‌వర్క్ 2008 నుంచి 2011 వరకు ప్రసారం చేసిన ‘బ్యాట్‌మాన్: ది బ్రేవ్ అండ్ ది బోల్డ్’ అనే టెలివిజన్ ధారావాహికలో అటువంటి కథ ఒకటి ఉన్నది. 2010లో ప్రసారమైన ఆ భాగం పేరు ‘ది లాస్ట్ పెట్రోల్’. అంటే, చివరి గస్తీ.

ఇందులో బ్యాట్‌మాన్ సూత్రధారి మాత్రమే. కథ ‘డూమ్ పెట్రోల్’ అనే దళానిది. ఈ దళంలోని వారికి అద్భుత శక్తులు వరాలుగా లభించలేదు. ప్రమాదాల రూపంలో వచ్చి మీద పడ్డాయి. క్లిఫ్ స్టీల్ పందెపు కార్లు నడిపేవాడు. ఘోర ప్రమాదంలో దేహం పనికిరాకుండా పోగా, అతని మెదడును లోహపు శరీరంలో అమర్చారు. లారీ ట్రైనర్ విమాన చోదకుడు. రేడియోధార్మికత సోకి, ఒళ్లంతా కట్లు చుట్టుకుని బతకవలసి వచ్చినవాడు. అతనిలోనుంచి వెలువడే శక్తిరూపం 60 సెకన్లలో తిరిగి రాకపోతే ప్రాణానికే ముప్పు. రీటా ఫార్ సినిమా తార. షూటింగులో వింత వాయువులు పీల్చినందువల్ల ఆమెకు కొండంత పెరగడం, చీమంత తగ్గడం అలవడింది. వీరిని చేరదీసినవాడు చక్రాల కుర్చీలో జీవితం గడిపే శాస్త్రజ్ఞుడు నైల్స్ కాల్డర్. లోకం వికృతులుగా చూసిన ముగ్గురిని ఆయన వీరులుగా చూశాడు.

కథాకాలానికి ఈ నలుగురూ విశ్రాంతులు. కొన్నేళ్ల క్రితం జనరల్ జాల్ అనే దుర్మార్గునితో జరిగిన పోరులో, అతని చేతిలో బందీగా ఉన్న ఒకరిని కాపాడలేకపోయారు. పోయినది ఒక్క ప్రాణం. కాని ఆ ఒక్క ఓటమితో దళం చెదిరిపోయింది. నలుగురూ నాలుగు దిక్కులయ్యారు.

ఓడినవారు ముఖం చాటేయడం బొమ్మల లోకంలోనే జరిగేది కాదు. దక్షిణ ఢిల్లీలోని కటవారియా సరాయ్‌కి పోటీ పరీక్షల చదువు కోసం తెలుగునాటి నుంచీ, ఇతర రాష్ట్రాల నుంచీ యువకులు వస్తారు. అక్కడి ఇరుకు గదులకు ఈ సంగతి తెలియనిది కాదు. పరీక్ష తప్పినవాడికి ముందుగా కష్టమయ్యేది మళ్లీ చదవడం కాదు, తోటివారికి ఎదురుపడడం. డూమ్ పెట్రోల్‌ను విడదీసినది కూడా శత్రువు బలం కాదు, ఆ సిగ్గే. పాత శత్రువులు వారిని వెదికి వెదికి దాడులు చేయడం మొదలుపెట్టాక, బ్యాట్‌మాన్ వారిని తిరిగి ఒకచోట చేర్చవలసి వచ్చింది.

వారు కలుసుకున్నారు, గెలిచారు అని కథ ముగిసి ఉంటే చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. జాల్ వారికి పెట్టిన పరీక్ష వేరు. ఎక్కడో కాడ్స్‌విల్ అనే చిన్న జాలరిపల్లె. అందులో ఉన్నది 14 మంది. ఆ పల్లె దగ్ధం కావాలా, మీరు చావాలా? ఎంచుకోండి. వీరులు కూడా చివరికి స్వార్థపరులేనని లోకానికి చాటడమే అతని కోరిక. వారు ఆ పల్లెవాసులను ఎన్నడూ చూడలేదు. వారి పేర్లు కూడా ఎరుగరు. అయినా తమ ప్రాణాలనే ఇచ్చారు.

భారతం తెలిసినవారికి ఇక్కడ ఏకచక్రపురం గుర్తుకు రాక మానదు. అజ్ఞాతంగా తలదాచుకున్న కుంతి, బకాసురునికి ఆహారం కావలసిన బ్రాహ్మణ కుటుంబానికి బదులుగా తన కొడుకును పంపింది. భీముడు గెలిచి తిరిగి వచ్చాడు. కాడ్స్‌విల్ కోసం నిలిచిన నలుగురికి ఆ అదృష్టం లేదు. తిరిగి రామని తెలిసే వారు నిలబడ్డారు.

ఈ ముగింపు టెలివిజన్ కోసం కల్పించినది కాదు. ఆర్నాల్డ్ డ్రేక్, బాబ్ హేనీ అనే రచయితలు, బ్రూనో ప్రెమియాని అనే చిత్రకారుడు ఈ దళాన్ని 1963 జూన్ సంచికలో పాఠకుల ముందుకు తెచ్చారు. చక్రాల కుర్చీలోని నాయకుడు గల మరో ప్రసిద్ధ దళం, ఎక్స్‌మెన్, అదే ఏడు సెప్టెంబరు సంచికతో మొదలయింది. అయిదేళ్లకు డూమ్ పెట్రోల్ అమ్మకాలు పడిపోయాయి. పత్రిక ఆగిపోక తప్పదని తెలిసిన డ్రేక్, తన వీరులను దిక్కులేకుండా వదిలిపెట్టలేదు. 1968 నాటి 121వ సంచికలో వారికి గౌరవప్రదమైన మరణం ఇచ్చాడు. ఆ సంచికలో సంపాదకుడూ, చిత్రకారుడూ తామే బొమ్మలై కనిపించి, వీరిని బతికించే శక్తి ఇక పాఠకులదేనని విన్నవించుకున్నారు.

వీరులకు దక్కిన వీడ్కోలు రచయితలకు దక్కలేదు. ఆ రోజులలోనే డ్రేక్, మరికొందరు సీనియర్ రచయితలు ఆరోగ్య బీమా వంటి సదుపాయాలు కావాలని ప్రచురణకర్తలను అడిగారు. అవి రాలేదు సరికదా, వారిలో పలువురికి ఉన్న పని కూడా లేకుండా పోయింది. బ్యాట్‌మాన్ సృష్టిలో పాలు పంచుకున్న బిల్ ఫింగర్ వారిలో ఒకడు. ఆయన 1974లో మరణించాడు. బ్యాట్‌మాన్ సృష్టికర్తగా ఆయన పేరు అధికారికంగా అచ్చయినది 2015లో. గుర్తింపునకు నోచుకోని రచయితల కోసం ఆయన పేరిట నెలకొల్పిన పురస్కారాన్ని 2005లో తొలిసారి అందుకున్నవారిలో డ్రేక్ ఉన్నాడు.

తెలుగువారికి ఇది పరాయి కథ కాదు. ‘తోకచుక్క’, ‘మకరదేవత’ వంటి చందమామ ధారావాహికలకు తరాల పిల్లలు ఊపిరి బిగపట్టుకుని ఎదురుచూశారు. వాటిని రచించిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు ఆ పుటలలో ఉండేది కాదు. ఆయన 2010లోనే కన్నుమూశారు.

ఆ ఏడే తెరకెక్కిన ‘చివరి గస్తీ’ని చూడడానికి డ్రేక్ లేడు, 2007లోనే మరణించాడు. అయితే ఆయన 1968లో అడిగిన ప్రశ్న నాలుగు దశాబ్దాల తరువాత కూడా చెక్కుచెదరకుండా మరో తరం పిల్లల ముందు నిలిచింది: పేరైనా తెలియని 14 మంది ప్రాణాల విలువ ఎంత? దానికి జవాబు చెప్పినవారు లోకాన్ని జయించిన మహావీరులు కారు. ఒకసారి ఓడి, సిగ్గుపడి, ఇళ్లలో దాగినవారు.