ఏడీహెచ్‌డీ, బైపోలార్ రుగ్మత: లక్షణాలలో పోలిక, చికిత్సలో భేదం

ప్రత్యేక వ్యాసం

నిలకడగా కూర్చోలేకపోవడం, ఎడతెగకుండా మాట్లాడడం, ఏకాగ్రత లోపించడం, ముందువెనుకలు చూడక పనులకు పూనుకోవడం రెండు వేర్వేరు మానసిక రుగ్మతలలో కనిపించే లక్షణాలు. మొదటిది ఏకాగ్రతా లోపం, అతి చురుకుదనం ప్రధానంగా గల ఏడీహెచ్‌డీ. రెండవది మితిమీరిన ఉత్సాహానికి, తీవ్రమైన కుంగుబాటుకు మధ్య మనఃస్థితి మారే బైపోలార్ రుగ్మత. ఒకదానిని మరొకటిగా పొరబడినచో చికిత్స దారి తప్పి రోగికి హాని కలుగగలదు.

ఆరంభమైన వయస్సు

అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన డీఎస్ఎం-5 ప్రమాణాల ప్రకారం ఏడీహెచ్‌డీ లక్షణాలలో కొన్నయినా 12 ఏళ్ల వయస్సుకు ముందే కనిపించి ఉండాలి. ఇల్లు, పాఠశాల వంటి కనీసం రెండు చోట్ల, ఆరు నెలలకు తగ్గకుండా అవి కొనసాగాలి. బైపోలార్ రుగ్మత సాధారణంగా కౌమార దశ చివరలో లేదా యౌవనారంభంలో బయటపడుతుంది. చిన్న పిల్లలలో ఇది అరుదు.

లక్షణాల తీరు

ఏడీహెచ్‌డీ లక్షణాలు ఏళ్ల తరబడి దాదాపు ఒకే రీతిగా ఉంటాయి. బైపోలార్ రుగ్మత విడతలుగా వస్తుంది. మేనియాగా పిలిచే ఉద్రేక దశ సాధారణంగా కనీసం ఏడు రోజులు, దాని స్వల్ప రూపమైన హైపోమేనియా నాలుగు రోజులు, కుంగుబాటు రెండు వారాలు కొనసాగితే నిర్ధారణకు పరిగణిస్తారు. విడతల నడుమ వ్యక్తి మామూలు స్థితికి రావచ్చు.

నిద్ర ముఖ్యమైన ఆధారం. ఏడీహెచ్‌డీ గలవారికి నిద్ర సరిగా పట్టనిచో మరునాడు అలసట ఉంటుంది. మేనియా దశలో ఉన్నవారు రెండు మూడు గంటలే నిద్రించినా అలసట ఎరుగరు. తమకు అసాధారణ శక్తులున్నాయన్న భావన, హద్దులేని ఖర్చు కూడా ఈ దశలో కనిపించవచ్చు.

చికిత్సలో జాగ్రత్త

ఏడీహెచ్‌డీకి మిథైల్‌ఫెనిడేట్ వంటి మందులతోపాటు ప్రవర్తనా శిక్షణ ఇస్తారు. బైపోలార్ రుగ్మతకు లిథియం, వాల్‌ప్రోయేట్ వంటి మందులు వాడతారు. బైపోలార్ రుగ్మత గలవారికి మనఃస్థితిని నిలకడపరిచే మందు లేకుండా మిథైల్‌ఫెనిడేట్ వంటివి ఇచ్చినచో ఉద్రేకం పెరిగే ప్రమాదమున్నది. రెండు రుగ్మతలు ఒకే వ్యక్తిలో ఉన్నప్పుడు ముందుగా మనఃస్థితిని నిలకడపరచి, పిదప ఏడీహెచ్‌డీకి చికిత్స చేయడం ఆనవాయితీ.

రక్తపరీక్షతోగాని, స్కానింగ్‌తోగాని ఈ రుగ్మతలను నిర్ధారించలేరు. బాల్యం నుండి ప్రవర్తన, కుటుంబంలో మానసిక రుగ్మతల చరిత్ర, ఉపాధ్యాయుల పరిశీలన ఇందుకు ఆధారాలు. థైరాయిడ్ పరీక్ష ఇతర కారణాలను తోసిపుచ్చడానికి మాత్రమే.

అందుబాటులో ఉన్న సేవలు

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల లోపు బాలలకు జరిపే ఆరోగ్య పరీక్షలలో ఏడీహెచ్‌డీ కూడా చేరి ఉన్నది. అనుమానిత కేసులను జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు పంపవలసి ఉంటుంది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ ద్వారా 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి సలహా పొందవచ్చు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 24వ సెక్షన్ ప్రకారం, మానసిక వైద్య సంస్థలో చికిత్స పొందుతున్న వ్యక్తి ఫోటోను, వివరాలను ఆ వ్యక్తి సమ్మతి లేనిదే ప్రసార మాధ్యమాలకు వెల్లడించరాదు. నిపుణులు నిర్ధారించక మునుపే ఒక బాలునికి రోగం పేరు తగిలించినచో ఆ ముద్ర అతని చదువును, భవితను వెన్నాడుతుంది. అధికారులు, పాత్రికేయులు ఈ విషయమై అప్రమత్తులై ఉండడం అవసరం.