నాన్న షుగర్ రిపోర్టులన్నీ ఆభా యాప్‌లో పెట్టి చూశా

మా నాన్నకి పదకొండేళ్లుగా షుగర్, దాంతోపాటే బీపీ. రిపోర్టులన్నీ ఒక బట్టల షాపు కవర్లో ఉంటాయి. డాక్టర్ దగ్గరికి మాత్రం పైనున్న ఒక్క కాగితమే తీసుకెళ్తారు. మిగతావి కూడా పట్టుకెళ్లమంటే "పాతవి కదరా" అంటారు.

పోయిన నెల ఆ కవర్ మొత్తాన్ని ఆభా యాప్‌లోకి ఎక్కించాలని కూర్చున్నా. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే 14 అంకెల హెల్త్ నంబర్ ఇది, ఆధార్ ఓటీపీతో వెంటనే వచ్చేసింది. మన రికార్డులన్నీ ప్రభుత్వ సర్వర్‌లో ఒకచోట పోగుపడతాయని చాలామంది భయపడతారు. అలా కాదు. ఆసుపత్రి రికార్డు ఆసుపత్రి దగ్గరే ఉంటుంది, మనం ఒప్పుకుంటేనే ఇంకో డాక్టర్‌కి కనిపిస్తుంది. ఆ అనుమతికి గడువు పెట్టొచ్చు, మధ్యలో రద్దు చేసుకోవచ్చు కూడా. ఇందులో నాకు బాగా నచ్చింది ఇదే.

వాడకంలో మాత్రం చుక్కలు కనిపించాయి. ఆసుపత్రి రికార్డులో నాన్న ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, ఆధార్‌లో పూర్తిగా ఉంది. లింక్ అవ్వలేదు. కౌంటర్లో అడిగితే "సోమవారం రండి" అన్నారు. ఇక లాభం లేదని ఫోన్‌తో ఫొటోలు తీసి అప్‌లోడ్ చేశా. కానీ ఫొటో ఫొటోనే, అందులోని అంకెలతో గ్రాఫ్ రాదు. చివరికి తేదీల వారీగా షీట్‌లో నేనే టైప్ చేశా.

మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 7 దగ్గరే ఆగింది. క్రియాటినిన్ మాత్రం నాలుగేళ్లలో 0.9, 1.0, 1.1, 1.3. ఆ ల్యాబుల్లో పై హద్దు 1.3, అందుకే ఏ రిపోర్టులోనూ అది బోల్డ్‌లో లేదు. ల్యాబు మారితే అంకె కాస్త మారడం మామూలే అనుకోబోయా. కానీ ప్రతిసారీ పైకేనా?

డాక్టర్‌గారు ఆ వరుస చూసి అడిగిన మొదటి ప్రశ్న: "మోకాళ్ల నొప్పికి మాత్రలేమైనా వాడుతున్నారా?"

నాన్న నావైపు చూశారు. "అప్పుడప్పుడండీ."

రోజుకొకటి. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొన్నవి, కాబట్టి ఏ రికార్డులోనూ లేవు. డాక్టర్‌గారు అవి ఆపించి, మూత్రంలో అల్బుమిన్ టెస్టు రాసి, క్రియాటినిన్ మళ్లీ చేయించమన్నారు. ఆ మాత్ర పేరు షీట్‌లో చేర్చాను. టెస్టు మంగళవారం.