లేసు దారం – దాని నెంబరు

లేసు అల్లే దారపు ఉండ కొన్నప్పుడు దాని చీటీ మీద 10, 20, 40, 80 వంటి ఒక అంకె కనిపిస్తుంది. అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుందని అల్లిక నేర్చిన ప్రతి ఇంటిలోనూ తెలుసు. కాని ఆ అంకె నిజంగా దేనికి కొలత? 20 నెంబరు దారం 10 నెంబరు దారంలో సగం లావు ఉంటుందా? ఒక కంపెనీ వారి 10 నెంబరు, మరొక రకపు 10 నెంబరు ఒకటేనా? ఇవి కేవలం కాలక్షేపానికి వేసుకొనే ప్రశ్నలు కావు. వీటికి సమాధానం తెలియనప్పుడు కొనేవారు కొద్దిగా నష్టపోతారు. కూలికి అల్లేవారు మాత్రం చాలా నష్టపోతారు.

ముందుగా ఒక మాట. క్రోషే అనేది ఫ్రెంచి పదం. చిన్న కొక్కెం అని దాని అర్థం. మన ఉర్దూ ఇండ్లలో అది క్రోషియా అయినది. పశ్చిమ గోదావరి వారు సూటిగా లేసు అల్లిక అన్నారు. పేరు ఏదైనా పనిముట్టు ఒక్కటే: చివర వంపు ఉన్న సూది.

నెంబరు సంగతి తెలియాలంటే మగ్గం దగ్గరకు పోవలెను. నేతపని వారు నూలును చిలపలుగా లెక్కిస్తారు. నూలు లెక్కలో ఒక చిలప పొడుగు 840 గజాలు. ఒక పౌను తూకానికి ఎన్ని చిలపలు తూగుతాయో ఆ సంఖ్యయే ఆ నూలు కౌంటు. 40 కౌంటు నూలు అంటే పౌనుకు 40 చిలపలు, అనగా 33,600 గజాలు. మంగళగిరి చీరలకు పేరుపడిన 80 కౌంటు నూలు ఒక పౌను తీసుకొని ఒకే వరుసగా పరిస్తే 67,200 గజాలు, ఇంచుమించు 61 కిలోమీటర్లు పోతుంది. ఇక్కడ తూకం స్థిరం, పొడుగు మారుతుంది. అందువల్లనే పెద్ద అంకెకు సన్నని నూలు వస్తుంది. టెక్స్ అనే కొత్త పద్ధతిలో ఇది తిరగబడుతుంది: వేయి మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగితే అంత టెక్స్. అక్కడ పెద్ద అంకెకు లావు నూలు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉన్నది. 10 కౌంటు నూలుతో పోల్చితే 40 కౌంటు నూలు నాలుగవ వంతు లావు ఉంటుందనుకొంటారు. కాదు, సగం ఉంటుంది. అదే తూకపు దారాన్ని నాలుగింతలు సాగదీస్తే దాని అడ్డుకోత వైశాల్యం నాలుగవ వంతవుతుంది. వ్యాసం మాత్రం వర్గమూలం ప్రకారం సగానికి తగ్గుతుంది. గణితం విద్యార్థులకు ఇంతకంటె చెప్పనవసరం లేదు.

ఐతే లేసు దారం ఒంటి పోగు కాదు. రెండు, మూడు, ఒక్కొక్కప్పుడు ఆరు పోగులను కలిపి పురిపెట్టినది. 40 కౌంటు పోగులు మూడు కలిపితే వచ్చే దారం కౌంటు 40 కాదు, సుమారు 13. దానిపై పురి గట్టిదా వదులా అన్నది ఒకటి, మెర్సరైజు చేసినదా కాదా అన్నది మరొకటి. జాన్ మెర్సర్ అనే ఇంగ్లీషు రసాయనవేత్త 1850లో పేటెంటు పొందిన పద్ధతి ఇది: కాస్టిక్ సోడా ద్రావణంలో నూలు పోగు ఉబ్బి గుండ్రబడుతుంది. తరువాతి కాలంలో దానిని బిగువుగా లాగి ఉంచి చేయుట వల్ల పట్టువంటి మెరుపు వచ్చినది.

ఇన్ని మార్పుల తరువాత చీటీ మీది అంకెకు ఏమి అర్థం మిగిలినదో ఉదాహరణతో చూద్దాం. ఫ్రాన్సులోని మ్యులూజ్ పట్టణంలో 1746లో పుట్టిన డి.ఎం.సి. సంస్థ దారాలు లోకమంతటా అమ్ముడవుతున్నాయి. వారి పెర్ల్ కాటన్ 5 నెంబరు 5 గ్రాములకు 25 మీటర్లు వస్తుంది. 8 నెంబరు 10 గ్రాములకు 80 మీటర్లు, 12 నెంబరు 120 మీటర్లు. అంటే గ్రాముకు ఎన్ని మీటర్లో అదే నెంబరు. ఎంత చక్కని ఏర్పాటు! అదే సంస్థవారి సెబేలియా అనే లేసు దారం తీసుకొండి. 10 నెంబరు 50 గ్రాముల ఉండలో సుమారు 265 మీటర్లు, 20 నెంబరులో 370, 30 నెంబరులో 515. గ్రాముకు మీటర్లు చూస్తే ఇవి 5, 7, 10 ప్రాంతంలో ఉన్నాయి. పెర్ల్ 5, సెబేలియా 10 ఇంచుమించు ఒకే బరువు దారాలన్నమాట! ఇక 20 నెంబరు 10కి రెట్టింపు పొడుగు రాదు, ఒకటిన్నర రెట్లు కూడా రాదు. కనుక లేసు దారంలో నెంబరు కొలత కాదు, వరుస సంఖ్య మాత్రమే. తరగతిలో మొదటివాడు రెండవవానికి రెట్టింపు మార్కులు తెచ్చుకొన్నాడని ఎవరూ అనుకోరు గదా.

టోపీ అల్లేవారికి ఇది అనుభవంలోకి వస్తుంది. 10 నెంబరు దారానికి రాసిన లెక్కతో, తగిన చిన్న సూదితో, 20 నెంబరు దారం అల్లితే 22 అంగుళాల చుట్టుకొలత రావలసిన టోపీ 19 అంగుళాలైనా రాదు. తండ్రికని మొదలుపెట్టినది కొడుకు తలకు సరిపోతుంది.

ఇక కూలి సంగతి. నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాలకు ఈ అల్లికను పందొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు తెచ్చారు. మొదట పేద క్రైస్తవ కుటుంబాల స్త్రీలు, తరువాత గోషా పాటించే కాపు కుటుంబాల స్త్రీలు ఇంటిపట్టున కూర్చొని విదేశాలకు పోయే లేసు అల్లారు. మరియా మీస్ అనే జర్మను సామాజికశాస్త్రవేత్త 1982లో వెలువరించిన గ్రంథం వీరిని గురించినదే. తీరిక వేళల పని అనే పేరుతో వీరి శ్రమకు విలువ కట్టకుండుటను ఆమె ఎత్తి చూపినది.

దారపు నెంబరు ఆ శ్రమను ఎట్లు మరుగుపరుస్తుందో లెక్క వేయవచ్చును. సెబేలియా 10, 30 నెంబర్లనే తీసుకొందాం. ఒకే తూకానికి 30 నెంబరు రెట్టింపుకు కొద్దిగా తక్కువ పొడుగు వస్తుంది. దారం లావు సుమారు పదింట ఏడు వంతులకు తగ్గుతుంది. కుట్టు కూడా ఆ మేరకే చిన్నదవుతుంది. కాబట్టి ఒకే వైశాల్యం గల లేసు ముక్కకు 30 నెంబరుతో దాదాపు రెట్టింపు కుట్లు వేయవలెను. ముక్కకు ఇంత అని ఒకే ధర కడితే సగం కూలి పోయినట్లే. తూకానికి ఇంత అని కడితే మరీ అన్యాయం: పొడుగు రెట్టింపు, ప్రతి కుట్టు మింగే దారం తక్కువ, కుట్ల సంఖ్య రెండున్నర రెట్లు దాటిపోతుంది. పొడుగును బట్టి, మీటర్ల లెక్కన కట్టినా 30 నెంబరు అల్లే ఆమెకు నూటికి నలభై కుట్లు అదనమే. చేతిలో తేలికగా ఉండే లేసు వెనుక ఎక్కువ పని ఉన్నదని తూకపురాయికి తెలియదు. కుట్లను బట్టి కట్టే కూలి ఒక్కటే న్యాయమైనదని నా అభిప్రాయం. వ్యాపారులు లెక్కపెట్టుట కష్టమంటారు గాని, ఒక అంగుళంలో కుట్లు లెక్కించి ముక్క వైశాల్యంతో హెచ్చవేయుట పెద్ద పని కాదు.

సూదుల నెంబర్లలోనూ ఇటువంటి గందరగోళమే ఉన్నది. అమెరికా ఉక్కు సూదులలో అంకె పెరిగితే సూది సన్నబడుతుంది. లావు సూదులకు వాడే అక్షరాల వరుసలో అక్షరం ముందుకు పోయినకొద్దీ లావెక్కుతుంది. మిల్లీమీటర్లు అడిగి కొనుటయే మేలు. 10 నెంబరు లేసు దారానికి ఒకటిన్నర మిల్లీమీటర్ల సూది, 40కి ఒక మిల్లీమీటరు, 80కి అంతకంటె సన్ననిది సాధారణంగా కుదురుతాయి.

దారం కొనేటప్పుడు నెంబరుతో పాటు చీటీ మీది గ్రాములు, మీటర్లు రెండూ చదివి భాగించి చూడండి. చీటీ చిరిగిన పాత ఉండ దొరికితే మరొక ఉపాయం కలదు. స్కేలుబద్ద మీద ఒక అంగుళం మేర దారాన్ని పక్కపక్కనే, ఒకదానిపై ఒకటి ఎక్కకుండా, సాగదీయకుండా చుట్టి చుట్లు లెక్కించండి. తెలిసిన దారాన్ని కూడా అట్లే చుట్టి పోల్చితే ఏది ఎంత సన్నదో తేలిపోతుంది. వదులు పురి దారం మాత్రం బద్ద మీద కొంచెం పరచుకొంటుంది. దానికి ఒకటి రెండు చుట్లు తేడా ఉంచుకొనవలెను.