గుడ్డముక్కల కానుక, ఇంటి మాట

చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాలోని లక్కడ్‌కోట్ వంటి సరిహద్దు ఊళ్లలో తెలుగు, మరాఠీ పక్కపక్కనే వినిపిస్తాయి. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం చెబుతోంది. అయితే సూదీదారం మాటలు బడిలో కంటే ఇంట్లోనే అబ్బుతాయి. ఇంట్లో ఆ పని ఆగితే ఆ మాటలూ పోతాయి.

అందుకే పిల్లలతో ఒక పెన్సిల్ సంచి కుట్టించమని తల్లిదండ్రులను కోరుతున్నాం. మిగిలిపోయిన గుడ్డను 24 సెం.మీ. వెడల్పు, 26 సెం.మీ. పొడవున కత్తిరించండి. చుట్టూ 1 సెం.మీ. అంచు మడిచి కచ్చా కుట్టు వేయాలి. కింది నుంచి 10 సెం.మీ. పైకి మడిచి, రెండు పక్కలా కుట్టాలి. పైన మిగిలింది మూత. పాత చొక్కా గుండీని ముందువైపు కుట్టి, మూత అంచున దారంతో ఉచ్చు వేస్తే చాలు, కాజా అక్కర్లేదు. సూది, గుండీలు పసిపిల్లలకు అందనీయకండి.

మన కత్తెర మరాఠీలో కాత్రీ, దారం దోరా, గుండీ అక్కడా గుండీయే. ఈ పోలికలు పిల్లలే పట్టుకోవాలి. సంచిని మరాఠీ బడి స్నేహితులకు కానుకగా ఇచ్చి, ఎలా కుట్టారో తెలుగులో నాలుగు వాక్యాలు రాసుకొస్తే, తరగతిలో చదివిస్తాం.