గొంతు పెంచిన సైలెన్సర్

రెండు గంటల పని, రెండు పానాలు, ఒక జాకీ. ఇంటి దగ్గరే కారు ఎగ్జాస్ట్ మార్చుకునే మోజు ఢిల్లీ పరిసరాల్లో ఎవరికి ఆనందం, ఎవరికి తలనొప్పి?

గుర్‌గావ్‌లోనో, నోయిడాలోనో, ద్వారకలోనో అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో కారు వెనక భాగం పైకి లేచి కనబడితే టైరు పంక్చరయిందనే అనుకుంటారు ఎవరైనా. కానీ కింద అట్టముక్క పరుచుకుని వెల్లకిలా పడుకున్న కుర్రాడి పక్కన ఉన్నది స్టెప్నీ కాదు, తళతళలాడే స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టం. మధ్యాహ్నానికి అదే కారు స్టార్టయితే పై అంతస్తుల్లో కిటికీ అద్దాలు అదురుతాయి. కంపెనీ బిగించి పంపిన సైలెన్సర్‌ను ఊడదీసి, దాని స్థానంలో 'ఫ్రీ ఫ్లో' ఎగ్జాస్ట్ తగిలించుకోవడం కార్ల పిచ్చి ఉన్నవారికి కొత్తేమీ కాదు. మెకానిక్‌ను పిలవకుండా సొంత చేతులతో చేసుకోవడం ఆ పిచ్చిలో పై మెట్టు.

సరుకుకు కొదవ లేదు. మోటారు విడిభాగాలకు ఉత్తర భారతమంతటికీ పెద్ద దిక్కు కశ్మీరీ గేట్ మార్కెట్. హంగులకు కరోల్ బాగ్, పాత సామానుకు మాయాపురి. స్థానికంగా గొట్టం వంచి వెల్డింగ్ చేసినదైతే ఖర్చు వేలల్లో తేలిపోతుంది. స్లొవేనియాకు చెందిన అక్రాపోవిచ్, అమెరికాకు చెందిన బోర్లా వంటి పేర్లు కావాలంటే లెక్క లక్షల్లోకి పోతుంది. ఇంతకీ ఈ డబ్బుతో కొనేదేమిటి?

వేగం అని చెబుతారు చాలామంది. నిజానికి కొనేది చప్పుడు. ఇంజిన్ సిలిండర్లలోంచి మండిన వాయువు దఫదఫాలుగా, పిడిగుద్దుల్లా బయటికి వస్తుంది. మానిఫోల్డ్ దాన్ని పోగుచేస్తుంది, క్యాటలిటిక్ కన్వర్టర్ విషాన్ని విరుస్తుంది, చివర్లో సైలెన్సర్ చప్పుడును మింగుతుంది. సైలెన్సర్ లోపల గదులు, చిల్లుల గొట్టాలు ఉంటాయి. ధ్వని తరంగాలు వాటిలో తిరిగి తిరిగి ఒకదానినొకటి చంపుకుంటాయి. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో మిల్టన్ రీవ్స్, ఆయన సోదరుడు కలిసి 1897లోనే ఇలాంటి పరికరానికి పేటెంట్ తీసుకున్నారు. మోటారు కారు పుట్టిన పదేళ్లకే దాని నోరు మూయించాల్సిన అవసరం వచ్చిందన్నమాట.

ఈ గదులు చప్పుడుతోపాటు వాయువును కూడా కొంత నిలేస్తాయి. ఆ అడ్డు తొలగిస్తే ఇంజిన్ తేలిగ్గా ఊపిరి వదులుతుంది, శక్తి పెరుగుతుంది అన్నది ఫ్రీ ఫ్లో సిద్ధాంతం. సిద్ధాంతం తప్పు కాదు. లెక్కే చిన్నది. 80, 90 హార్స్ పవర్ ఉండే మామూలు పెట్రోల్ కారుకు వెనక గొట్టం ఒక్కటీ మారిస్తే పెరిగేది డ్రైవర్‌కు తెలియనంత స్వల్పం. టర్బో ఉన్న ఇంజిన్‌కైతే నిజంగానే తేడా వస్తుంది. కానీ అది టర్బోను ఆనుకుని ఉండే డౌన్‌పైప్ మార్చి, ఇంజిన్ కంప్యూటర్‌లో లెక్కలు తిరగరాస్తేనే. అది ఇంటి పార్కింగ్‌లో అయ్యే పని కాదు. చప్పుడు పెరిగితే వేగం పెరిగినట్టు చెవి నమ్మేస్తుంది. ఈ వ్యాపారమంతా నడిచేది ఆ నమ్మకం మీదే.

పని విషయానికొస్తే, తేలికే. అదే దానితో వచ్చిన చిక్కు. కన్వర్టర్ తర్వాత నుంచి చివరిదాకా ఉన్న భాగాన్ని 'క్యాట్ బ్యాక్' అంటారు. వెనక ఇరుసు దాటాక ఉన్న సైలెన్సర్ డబ్బా ఒక్కటే అయితే 'యాక్సిల్ బ్యాక్'. ఇవి కారు అడుగున రబ్బరు హ్యాంగర్లకు వేలాడుతుంటాయి. ముందువైపు రెండు మూడు బోల్టులు, మధ్యలో ఒక గ్యాస్కెట్. కారు పూర్తిగా చల్లారేదాకా ఆగాలి. నడుస్తున్నప్పుడు కన్వర్టర్ వేడి వందల డిగ్రీల్లో ఉంటుంది, ఇంజిన్ ఆపిన చాలాసేపటికి కూడా చెయ్యి కాలుతుంది. తుప్పు వదిలించే నూనె కొట్టి కొంతసేపు వదిలేస్తే బోల్టులు కదులుతాయి. ఈ విషయంలో ఢిల్లీవాళ్లు అదృష్టవంతులు. ఉప్పుగాలి తగిలే విశాఖలోనో కాకినాడలోనో పదేళ్ల కారు బోల్టు తిప్పితే తిరగదు, తెగుతుంది.

కొత్త గొట్టాన్ని ముందు అన్నిచోట్లా వదులుగా తగిలించి, బంపర్‌కు, ఇరుసుకు, ఇంధన ట్యాంకుకు తగలకుండా సర్ది, ఆ తర్వాతే ముందునుంచి వెనక్కి బోల్టులు బిగించాలి. పాత గ్యాస్కెట్‌ను మళ్లీ వాడకూడదు. చేయి తిరిగినవాడికి ఇదంతా కలిపి రెండు గంటలు.

ప్రాణం మీదికి తెచ్చేవి రెండున్నాయి. మొదటిది జాకీ. కారుతోపాటు ఇచ్చే జాకీ టైరు మార్చడానికే గాని కింద దూరి పడుకోవడానికి కాదు. గట్టి నేల మీద స్టాండ్లు పెట్టి, ముందు చక్రాలకు రాళ్లు ఎగదోసి, హ్యాండ్‌బ్రేక్ లాగి మరీ దూరాలి. ఇటుకలు పేర్చడం మన జుగాడ్ సంప్రదాయం. బరువు మోపితే ఇటుక చెప్పాపెట్టకుండా పగులుతుంది. రెండోది కంటికి కనిపించనిది. జాయింట్ సరిగా కూర్చోకపోతే కార్బన్ మోనాక్సైడ్ లీకవుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. బేస్‌మెంట్ పార్కింగ్‌లో ఇంజిన్ స్టార్ట్ చేసి 'సౌండ్ చెక్' చేయడం, డిసెంబర్ చలికి అద్దాలన్నీ బిగించుకుని లీకున్న కారులో గంటలకొద్దీ ట్రాఫిక్‌లో కూర్చోవడం రెండూ ప్రమాదమే. కారును ఆరుబయటికి తెచ్చి, జాయింట్ల దగ్గర సబ్బునీళ్లు పోసి బుడగలు వస్తున్నాయేమో చూసుకోవడం అయిదు నిమిషాల పని. వీడియోలో గొట్టం మెరుపు చూపించే ఉత్సాహం ఈ బుడగల దగ్గర కనిపించదు.

వెనక డబ్బా మార్చినంతలో పొగలో విషం పెద్దగా పెరగదు. అసలు గీత దాటేది కన్వర్టర్ జోలికి పోయినప్పుడు. ఇంకాస్త గొంతు కోసం దాన్ని కూడా పీకేసి నేరుగా గొట్టం వేసేవాళ్లున్నారు. ఢిల్లీలో ఆ పని చేయడమంటే 40 ఏళ్ల చరిత్రను చెరిపేయడమే. నగరం గాలి గురించి ఎం.సి.మెహతా సుప్రీంకోర్టు మెట్లెక్కింది 1985లో. కొత్త పెట్రోల్ కార్లకు క్యాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి అని ఢిల్లీతోపాటు నాలుగు మహానగరాల్లో నిబంధన వచ్చింది 1995 ఏప్రిల్‌లో. సీసం కలిసిన పెట్రోల్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది కనుక సీసం లేని పెట్రోల్ కూడా రావలసి వచ్చింది. దేశమంతటా అది అమలయ్యేసరికి 2000 సంవత్సరం. బస్సులు సీఎన్‌జీకి మారాలని కోర్టు ఆదేశించింది 1998లో. బీఎస్-6 ఇంధనం మిగతా దేశం కంటే రెండేళ్లు ముందుగా, 2018 ఏప్రిల్‌లోనే ఢిల్లీకి వచ్చింది. ఇంతమంది ఇన్నేళ్లు పడిన పాట్లన్నీ కలిసి చివరికి కారు అడుగున ఒక చిన్న డబ్బాలో ఇమిడి ఉన్నాయి. దాని లోపల ప్లాటినం, పలేడియం, రోడియం పూత. ఊడదీసిన డబ్బాను షాపువాడు 'ఇది మీకెందుకు సార్' అని ఉంచేసుకున్నాడంటే అందులోని లోహం విలువ అతనికి తెలుసనే అర్థం.

కన్వర్టర్ లేకపోతే కారు ఊరుకోదు కూడా. దానికి ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సర్లుంటాయి. రెండూ ఒకే కబురు చెబితే కంప్యూటర్‌కు అనుమానం వస్తుంది, పసుపు రంగు ఇంజిన్ దీపం డ్యాష్‌బోర్డు మీద వెలుగుతుంది. ఆ దీపాన్ని ఆర్పే సాఫ్ట్‌వేర్ కూడా అమ్ముతారు, అది వేరే కథ.

మరి చట్టం? 2019 జనవరి 9న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు అరుణ్ మిశ్రా, వినీత్ శరణ్ కేరళకు చెందిన ఒక కేసులో తేల్చి చెప్పారు. తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కుదరదన్నారు. సైలెన్సర్ వివరం ఆర్‌సీలో ఉండదు కదా అని వాదించేవారు లేకపోలేదు. ఆ వాదన ఎక్కువ దూరం పోదు. చప్పుడును సాధ్యమైనంత తగ్గించే సైలెన్సర్ ప్రతి వాహనానికీ ఉండి తీరాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వ నిబంధన విడిగా చెబుతోంది. అదే 2019లో చట్టానికి చేసిన సవరణ శిక్షను పెంచింది. అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి రూ. 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే మొదటిసారికే రూ. 10,000 దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, పైగా లైసెన్సుకు మూడు నెలల ఎసరు. రాసుకున్నంత కఠినంగా అమలు చేస్తే కరోల్ బాగ్‌లో సగం హంగుల కొట్లకు పని ఉండదు.

అమలు దగ్గరే తంటా. పోలీసుల కన్ను ఎక్కువగా పడేది బుల్లెట్ మోటారు సైకిళ్ల మీద. విశాఖలో, హైదరాబాద్‌లో పట్టుకున్న సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించిన దృశ్యాలు టీవీల్లో చూసినవే. కార్లు తప్పించుకుపోతాయి. వాహనం ఫ్యాక్టరీ దాటేముందు జరిగే శబ్ద పరీక్ష పద్ధతి వేరు. ఖాళీ మైదానంలో, దారి మధ్యగీతకు 7.5 మీటర్ల దూరంలో మైకు పెట్టి, వేగం పెంచుతూ పోయే కారు చప్పుడును కొలుస్తారు. ధౌలా కువాఁ దగ్గర రాత్రి తనిఖీలో ఇలాంటి పరీక్ష ఎలా చేస్తారు? కానిస్టేబుల్‌కు దిక్కు తన చెవి, తన టార్చిలైటు.

పోనీ, ఏటేటా తప్పని పొల్యూషన్ సర్టిఫికెట్ పట్టిస్తుందా అంటే అదీ లేదు. పెట్రోల్ కారుకు గొట్టం చివర పుల్ల పెట్టి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్‌లు చూస్తారు. నత్రజని ఆక్సైడ్‌ల ఊసు లేదు, చప్పుడు ఊసు అసలే లేదు. వీధంతా నిద్రలేపిన కారు కూడా ఆ కేంద్రంలోంచి 'పాస్' చీటీతో దర్జాగా బయటపడగలదు. నివాస ప్రాంతాల్లో రాత్రిపూట 45 డెసిబెల్స్ మించకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ప్రశాంతంగా బతకడం కూడా జీవించే హక్కులో భాగమేనని 2005 జూలైలో సుప్రీంకోర్టు అన్నది. డెసిబెల్ లెక్క కూడికల లెక్క కాదు. పది పెరిగితే ధ్వని శక్తి పదింతలయినట్టు, చెవికి సుమారు రెట్టింపు వినబడినట్టు. అర్ధరాత్రి మూడో అంతస్తులో పసిబిడ్డను జోకొడుతున్న తల్లికి ఈ గణితం ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ మోజు మన ఒక్కరిదే కాదు. మిగతావాళ్లు దానికి ఒక దారి చూపారు. బజారులో దొరికే మార్పిడి సైలెన్సర్లకు ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 59వది ప్రత్యేకంగా ఉంది. యూరప్‌లో ఆ ఆమోదపు ముద్ర ఉన్న గొట్టం కొంటే ధైర్యంగా రోడ్డెక్కవచ్చు. కాలిఫోర్నియాలో కారు ఎగ్జాస్ట్‌కు 95 డెసిబెల్స్ గీత గీసి, దాన్ని ఎలా కొలవాలో కూడా రాసిపెట్టారు. మన దగ్గర ఉన్నది నిషేధం, దాని పక్కనే తెరిచి ఉన్న బజారు. విచిత్రం ఏమిటంటే ఇదే చట్టం ఇదే కారుకు ఆమోదించిన సీఎన్‌జీ కిట్ బిగించుకుని ఆర్‌సీలో రాయించుకోనిస్తుంది. గ్యాస్ సిలిండర్‌కు ఉన్న రాజమార్గం గొట్టానికి లేదు. పరీక్షించి ముద్ర వేసిన సరుకు ఉంటే నిజమైన ఔత్సాహికుడు దాన్నే కొంటాడు, గోల కోసం కొనేవాడు మాత్రమే దొంగదారి పడతాడు. వాళ్లిద్దరినీ ఒకే గాట కట్టడం వల్ల రెండోవాడికే లాభం.

కంపెనీలు ఈ నాడిని పట్టాయి. హ్యుండయ్ 2021లో తెచ్చిన ఐ20 ఎన్ లైన్ ఫ్యాక్టరీ నుంచే కాస్త గరగరమనే గొంతుతో, జంట గొట్టాలతో వచ్చింది. గోల అంతకంటే ఎక్కువ కావాలంటే గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఉంది. 2011 నుంచి మూడేళ్లు ఫార్ములా వన్ కార్లు అరిచిన చోటు అది. అక్కడికి వెళ్లేదాకా రోడ్డు మీద మూసుకుని ఉండే వాల్వ్ ఎగ్జాస్ట్‌లు కూడా దొరుకుతున్నాయి. మీట నొక్కితే గొంతు, ఇంకోసారి నొక్కితే మౌనం. చట్టం దృష్టిలో అదీ మార్పే.

బీమా సంగతి ఎక్కువమందికి ప్రమాదం జరిగాకే గుర్తొస్తుంది. చెప్పకుండా చేసిన మార్పు కనబడితే క్లెయిమ్ దగ్గర పేచీ ఖాయం. వారంటీలో ఉన్న కారైతే సర్వీస్ సెంటర్ వాడికీ ఒక సాకు దొరుకుతుంది. అందుకే ఈ దారిన నడిచి చేయి కాల్చుకున్నవాళ్లు కొత్తవాళ్లకు చెప్పే మొదటి సలహా గొట్టం గురించి కాదు, ఊడదీసిన పాత సైలెన్సర్ గురించి. దాన్ని పాత ఇనుప సామాన్లవాడికి తూకానికి వేయొద్దు, బోల్టులతో సహా మూటగట్టి బాల్కనీలో దాచుకోమంటారు. చలానా పడ్డా, సర్వీసుకు వెళ్లాలన్నా, కారు అమ్మాలన్నా మళ్లీ దాన్నే బిగించాలి. అదీ రెండు గంటల పనే.