మీకు తెలుసా? సింకు పైన అడుగులేని అల్మరా

స్కాండినేవియన్ వంటిల్లు అనగానే తెల్లటి గోడలు, లేతరంగు చెక్క గుర్తొస్తాయి. చలికాలంలో పగటి వెలుతురు కొద్ది గంటలే ఉండే దేశాలు కదా, ఆ తెలుపు అవసరమే. కానీ ఆ వంటిళ్ల అసలు తెలివి రంగులో లేదు, చాకిరీ తగ్గించడంలో ఉంది.

స్వీడన్‌లో 1944లో మొదలైన గృహ పరిశోధన సంస్థ, ఇల్లాలు వంటింట్లో ఎలా నిలబడుతుంది, ఎంత వంగుతుంది అని పరీక్షించింది. గట్టు ఎత్తు, అరల కొలతల ప్రమాణాలకు ఆ పరిశోధనే ఆధారమైంది. ఈ కొలతల పిచ్చిని 2003లో నార్వే దర్శకుడు బెంట్ హామర్ ‘కిచెన్ స్టోరీస్’ సినిమాలో సరదాగా ఆటపట్టించాడు.

పక్కనే ఉన్న ఫిన్లాండ్‌ను కచ్చితంగా లెక్కేస్తే స్కాండినేవియాలో కలపరు. అయినా అన్నిటికన్నా పనికొచ్చే ఆలోచన అక్కడిదే! 1940ల్లో మైయు గెబ్‌హార్డ్ అనే ఆవిడ సింకుకు సరిగ్గా పైన ఉండే గిన్నెల అల్మరాను అక్కడ ప్రచారంలోకి తెచ్చింది. దానికి అడుగు చెక్క ఉండదు, అరలన్నీ కమ్మీలే. కడిగిన పళ్లేలు తడిగానే పెట్టేస్తే నీళ్లు సింకులోకే కారిపోతాయి. తుడిచే పనీ లేదు, మళ్లీ సర్దే పనీ లేదు. తలుపు మూస్తే తడి గిన్నెలు కంటికి కనబడవు కూడా. నేటికీ ఫిన్లాండ్ ఇళ్లలో ఇది మామూలు వస్తువు.

మీ వంటిల్లు ఆ పద్ధతిలో కట్టిద్దామనుకుంటే రంగుల కార్డు తర్వాత చూడండి. ముందు వడ్రంగితో ఈ అల్మరా గురించి మాట్లాడండి, కమ్మీలు మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలువే వేయించండి.