నాలుగు వైపులూ సరే, ఐమూల ఎంత?

పొలం బేరం కుదిరి బయానా చేతులు మారే వేళకు గట్టు మీద జరిగే కొలత చాలా గ్రామాలలో ఇప్పటికీ ఒకే తీరుగా సాగుతోంది. నాలుగు వైపులా టేపు లాగుతారు. ఎదురెదురు వైపులను కూడి సగం చేస్తారు. ఆ రెండు సగాలను హెచ్చవేసి ఇన్ని సెంట్లని తేలుస్తారు. మూలలు సరిగా ఉన్న మడికి ఈ లెక్కతో చిక్కు లేదు. మూల వంగిన చోటనే కొనేవాడు మునుగుతాడు.

ఒక్కొక్క వైపు 66 అడుగులు, అంటే పాత సర్వే గొలుసు ఒకటి పట్టే మడిని తీసుకోండి. నాలుగు మూలలూ మూలమట్టానికి ఉంటే 4,356 చదరపు అడుగులు, సరిగా పది సెంట్లు. అదే మడి ఒక పక్కకు ఒరిగి, ఒక మూల 60 డిగ్రీలకు కుంచించుకుపోయిందనుకోండి. వైపులు మళ్ళీ 66 అడుగులే, టేపుకు తేడా తెలియదు. విస్తీర్ణం మాత్రం సుమారు 3,772 చదరపు అడుగులకు, అంటే 8.66 సెంట్లకు దిగిపోతుంది. పది సెంట్లకు సొమ్ము చెల్లించిన ఆసామికి దాదాపు 65 చదరపు గజాలు గల్లంతు. ఇళ్ళ స్థలాల ధర పలికే చోట అది చిన్న ఇల్లు లేచేంత జాగా!

ఇందులో మాయ ఏమీ లేదు. దొడ్డి తడకకు ఐమూలగా కర్ర కట్టకపోతే నాలుగు రోజులకే ఒక పక్కకు వాలిపోతుంది. నాలుగు కర్రల పొడవూ మారదు, మూలలు మారతాయి. ఐమూల కర్ర పడగానే తడక రెండు త్రిభుజాలవుతుంది. మూడు భుజాల పొడవు నిలిచిపోతే త్రిభుజం ఇక కదలలేదు, దాని మూడు కోణాలూ అక్కడికక్కడే బిగిసిపోతాయి. సర్వే శాఖ వారు గొలుసుతో పొలాన్ని త్రిభుజాలుగా కోసి కొలవడంలోని కీలకం ఇదే. గట్టు వంకరలను ఆ త్రిభుజం గీత నుంచి మూలమట్టంగా కొలతలు తీసి రాసుకుంటారు. 1984లో రద్దయ్యే వరకు గ్రామ లెక్కలు చూసిన కరణాలకు ఈ పటాలు కొట్టిన పిండి.

కోణాలకు మరో కట్టుబాటు ఉంది. కాగితంతో ఏ ఆకారపు త్రిభుజమైనా కత్తిరించి, మూడు మూలలూ చించి పక్కపక్కన పేర్చితే అవి తిన్నని గీత మీద సరిపోతాయి. అంటే మూడూ కలిసి 180 డిగ్రీలు. ఒకటి 50, మరొకటి 60 అయితే మిగిలినది కొలవకుండానే 70 అని చెప్పవచ్చు. అయినా కోణమాపక యంత్రం పట్టిన సర్వేయరు వీలైన చోట ఆ మూడోదాన్ని కూడా కొలుస్తాడు. మొత్తం 180 రాకుంటే ఎక్కడో చూపు తప్పినట్లే గదా!

దేశ పటం గీసిందీ ఈ లెక్క మీదనే. 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ ఏడు మైళ్ళ పైచిలుకు గీతను గొలుసుతో కొలిచి, అక్కడి నుంచి కొండకు కొండకు కోణాలు చూస్తూ త్రిభుజాల గొలుసు అల్లాడు. అతని వద్ద పనిచేసిన జార్జి ఎవరెస్టు కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో జ్వరాల పాలై, 1820లో ఆరోగ్యం కోసం కేప్‌కు వెళ్ళవలసి వచ్చింది. అంత పెద్ద త్రిభుజాలలో మొత్తం 180ని కొంచెం మించుతుంది. భూమి గుండ్రన కనుక సుమారు 76 చదరపు మైళ్ళకు ఒక సెకను చొప్పున పెరుగుతుంది. డిగ్రీలో 3,600వ వంతు సెకను, కాబట్టి మన పొలాలకు ఆ బెంగ అక్కరలేదు.

కొబ్బరిచెట్టు ఎత్తు తెలియాలన్నా చెట్టెక్కే పని లేదు. చతురస్రపు కాగితాన్ని ఐమూలకు మడిస్తే 90, 45, 45 డిగ్రీల త్రిభుజం వస్తుంది. సమమైన నేల మీద నిలబడి, ఒక పొట్టి అంచును నేలకు సమాంతరంగా, రెండోదాన్ని నిటారుగా పట్టుకుని, వాలు అంచు వెంట చెట్టు మొవ్వు కనిపించే చోటికి జరగాలి. అక్కడి నుంచి మొదలు దాకా ఉన్న దూరానికి కంటి ఎత్తు కలిపితే చెట్టు ఎత్తు.

2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రీసర్వేకు డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలు అందుకునే రోవర్లు దించారు. కాని బేరం నాడు గట్టు మీదకు రోవరు రాదు. నాలుగు వైపులతో పాటు ఒక ఐమూలకు టేపు లాగడానికి పావుగంట చాలు. ఒక్కొక్క త్రిభుజం మూడు భుజాలను కూడి సగం చేయాలి. ఆ సగం నుంచి ఒక్కొక్క భుజాన్ని విడివిడిగా తీసివేసి, వచ్చిన మూడు అంకెలనూ, ఆ సగాన్నీ హెచ్చవేసి వర్గమూలం కడితే విస్తీర్ణం తేలుతుంది. హైస్కూలు పిల్లలు చేయగల లెక్కే. రెండు త్రిభుజాలూ కలిపి 435.6తో భాగిస్తే సెంట్లు, గుంటల లెక్క నడిచే తెలంగాణలో 1,089తో భాగించాలి. 66 అడుగుల చదరపు మడి అని చెబితే ఐమూల 93 అడుగుల 4 అంగుళాలు రావాలి. రెండో ఐమూల కూడా అంతే ఉండాలి.